ఏసీతో తీరే సమస్య కాదిది

మా పిన్ని కొడుకు కొండాపూర్‌లో ఫ్లాట్ కొన్నాడు. గృహప్రవేశం ఫొటోలు వచ్చిన కొన్నాళ్ళకే ఒక కుక్కపిల్ల ఫొటో వచ్చింది. నలుపూ తెలుపూ కలిసిన ముఖం, గోధుమరంగు కళ్ళు, ఒంటికి ఏమాత్రం పొంతన లేని పెద్ద పాదాలు. "అలాస్కన్ మాలమ్యూట్ అక్కా. మీ కోడా లాంటిదే. అడ్వాన్స్ ఇచ్చేద్దామనుకుంటున్నా" అని కింద మెసేజ్. నేను జవాబు టైప్ చేసేలోపే ఫ్యామిలీ గ్రూపులో యుద్ధం మొదలైపోయింది. మంచులో బతకాల్సిన జీవాన్ని హైదరాబాద్ ఎండల్లో పెంచడం పాపమని బాబాయి, డబ్బు ఎక్కువైతే ఇలాంటి సరదాలే పుడతాయని పెద్దమ్మ. మావాడు అందరికీ ఒకటే సమాధానం ఇచ్చాడు: "హాల్లో, బెడ్‌రూముల్లో ఏసీలు పెట్టించాం. ఇరవై నాలుగు గంటలూ ఆన్‌లోనే ఉంచుతాం. ఇంకేంటి ప్రాబ్లెం?"

గ్రూపులో అందరూ కాస్త మెత్తబడ్డారు. నిజమే కదా, ఏసీ ఉందిగా అన్నట్టు. నాకు మాత్రం అప్పుడే అసలు టెన్షన్ మొదలైంది.

నేనుండేది డులూత్‌లో. అమెరికాలో మినెసోటా రాష్ట్రం ఉత్తర భాగంలో, సుపీరియర్ సరస్సు ఒడ్డున ఉంటుంది. జనవరిలో మైనస్ ఇరవై అంటే ఇక్కడ ఎవరూ ప్రత్యేకంగా చెప్పుకోరు. చలికి లోటు లేని ఈ ఊళ్ళో కొన్నేళ్ళుగా ఒక మాలమ్యూట్‌తో కాపురం చేస్తున్నాను కాబట్టి నా మాట చెప్తాను. ఎండ గురించిన వాదన తప్పేమీ కాదు, కానీ అది అసలు విషయం మీద ముసుగు వేసేస్తోంది. సమస్య ఎండే అయితే ఏసీ కొనుక్కుంటే తీరిపోవాలి. మా ఊరివాళ్ళకైతే ఆ ఖర్చు కూడా అక్కర్లేదు. కానీ ఇక్కడ కూడా తీరడం లేదే!

చలిదేశంలో వదిలేసిన కుక్కలు

కోడాని మేం పిల్లగా ఉన్నప్పుడు కొనలేదు. వదిలేసిన కుక్కల్ని చేరదీసే రెస్క్యూ వాళ్ళ దగ్గర తెచ్చుకున్నాం. మాకన్నా ముందు వాడికి రెండిళ్ళు మారాయి. రెండూ మినెసోటాలోవే, రెండిటికీ పెద్ద పెరడు ఉండేదట. వదిలేసినవాళ్ళు ఫారంలో రాసిన కారణాలు చదివాను. మొదటివాళ్ళు కంచె కింద తవ్వి పారిపోతున్నాడని రాశారు. రెండోవాళ్ళు మాకు టైమ్ సరిపోవడం లేదని రాశారు. వేడి, చెమట, ఎండదెబ్బ అనే మాటలు ఎక్కడా లేవు. ఆ రెస్క్యూ వాళ్ళ పేజీ ఇప్పటికీ అప్పుడప్పుడూ చూస్తుంటాను. హస్కీలూ మాలమ్యూట్లూ లేని రోజు నాకు కనబడలేదు. మోకాలిలోతు మంచు పడే చోట కూడా ఈ కుక్కల్ని తిరిగి ఇచ్చేస్తున్నారంటే, థర్మామీటర్ వైపే చూస్తూ కూర్చోవడంలో అర్థం లేదు.

హస్కీ, మాలమ్యూట్ ఒకటే అనుకునేవాళ్ళు చాలామంది. హస్కీ సైబీరియాలో చుక్చీ అనే తెగవాళ్ళ కుక్క, చిన్నది, చురుకైనది. మాలమ్యూట్ అలాస్కా వాయవ్యాన కోట్జెబ్యూ సౌండ్ ప్రాంతపు ఇన్యూపియాట్ ప్రజలది. జాతి ప్రమాణాల్లో మగకుక్కకి రాసిపెట్టిన బరువు 85 పౌండ్లు, అంటే 38 కిలోలు పైమాటే. ఇంతకన్నా పెద్దవీ ఉంటాయి. దీని పని వేగం కాదు, మోత. వేటాడిన మాంసాన్ని, సామాన్లని నెమ్మదిగా, చాలా దూరం ఈడ్చుకుపోవడం. తరతరాలుగా ఆ పని కోసం పోతపోసిన భుజాలు అవి. మన సోఫా పక్కన పడుకున్నంత మాత్రాన ఆ భుజాలు రిటైరైపోవు.

నాకు ఇది పుస్తకాల్లో చదివినప్పుడు అర్థం కాలేదు. కట్టెల బండి దగ్గర అర్థమైంది.

కట్టెల బండి

తెచ్చిన కొత్తలో కోడాని పొద్దున గంట, సాయంత్రం గంట నడిపించేవాళ్ళం. ఎవరడిగినా "రెండు గంటలు వాకింగ్" అని గొప్పగా చెప్పేదాన్ని. ఇంటికొచ్చాక కూడా వాడు కుదురుగా ఉండేవాడు కాదు. హాల్లో నుంచి వంటింట్లోకి, వంటింట్లోంచి హాల్లోకి తిరుగుడు. చెప్పులు, రిమోట్, తలుపు చెక్క, దొరికినదల్లా నోట్లోకే. అవీ దొరక్కపోతే మా ముందు కూర్చుని ఊళ వేసినట్టు, సణిగినట్టు, మధ్యలో తిట్టినట్టు ఒక శబ్దం చేస్తాడు. ఈ జాతి మొరిగేది తక్కువ, మాట్లాడేది ఎక్కువ. ఆఫీసు మీటింగ్‌లో నేను మ్యూట్ తీసినప్పుడల్లా మా మేనేజర్‌కి వాడి అభిప్రాయం కూడా వినబడేది.

స్లెడ్ కుక్కలు, అంటే మంచు మీద జారే బండిని లాగే కుక్కలు పెంచే ఒక పెద్దావిడ మా వీధి చివర ఉంటుంది. ఒకరోజు ఆవిడ చూసి, వీడికి నడక కాదమ్మా కావాల్సింది, లాగడం అంది. ఛాతీ మీద, భుజాల మీద బరువు పడేలా కుట్టిన హార్నెస్ ఒకటి ఇచ్చింది. గొంతుకి పట్టీ వేసి ఎప్పుడూ లాగించకూడదని, ఎముకలు ముదరకముందు, అంటే ఏడాదిన్నర దాటేవరకు బరువు కట్టకూడదని చెప్పింది. కోడా ఆ వయసు అప్పటికే దాటాడు. ప్లాస్టిక్ బండికి తాడు కట్టి, షెడ్డులోంచి పొయ్యి కట్టెలు కొన్ని వేశాం.

తాడు బిగుసుకున్న క్షణం వాడి ఒళ్ళు మారిపోయింది. ఎప్పుడూ పైకి లేచి ఉండే తల వీపుకి సమానంగా కిందికి దిగింది. చెవులు వెనక్కి వాలాయి. వెనక కాళ్ళు ఒకదాని తర్వాత ఒకటి మంచులో దిగబడి, గోళ్ళు కింది మంచుగడ్డని పట్టుకున్నాయి. బండి కదిలింది. పక్కనే ఉడత చెట్టెక్కింది. మామూలుగా అయితే నా భుజం ఊడదీసేవాడు, ఆ రోజు తల కూడా తిప్పలేదు. అరగంట కూడా కాకుండానే కట్టెలన్నీ గుమ్మంలోకి చేరాయి. ఆ సాయంత్రం వాడు నిద్రపోయిన తీరు అంతకుముందు ఎప్పుడూ చూడలేదు. అప్పటిదాకా రెండు గంటల నడకతో రానిది, అరగంట మోతతో వచ్చింది.

మా ఊళ్ళో చలికాలంలో జరిగే జాన్ బేర్‌గ్రీస్ స్లెడ్ పందెం మొదలయ్యే చోటికి వెళ్తే ఇదే పెద్ద ఎత్తున కనబడుతుంది. బేర్‌గ్రీస్ పందెగాడు కాదు, పోస్టు మోసిన మనిషి. అమెరికా మూలవాసుల్లో అనిషినాబే తెగవాడు. 19వ శతాబ్దం చివర్లో, ఈ సరస్సు ఒడ్డున సరైన రోడ్డు లేని రోజుల్లో, టూ హార్బర్స్ నుంచి గ్రాండ్ మరే దాకా ఉత్తరాలు చేరవేసేవాడు. వేసవిలో పడవ, చలికాలంలో కుక్కలు. ఆయన పేరిట జరిగే పందెంలో బయల్దేరే ముందు కుక్కలు చేసే గోల మామూలుగా ఉండదు. గాల్లోకి ఎగురుతాయి, తాళ్ళు కొరుకుతాయి, పక్క మనిషి మాట వినబడదు. లంగరులాంటి కొక్కెం మంచులోంచి పైకి తీయగానే అరుపులన్నీ ఒక్కసారిగా ఆగిపోతాయి. మంచు మీద జారే చప్పుడు తప్ప ఇంకేం ఉండదు. పందెం కుక్కలు మాలమ్యూట్లు కావు లెండి, వాటిలో సగం బరువుండే కలగలుపు జాతి, అలాస్కన్ హస్కీలంటారు. కానీ ఆ గోలే నేను మా హాల్లో రోజూ విన్నది. కొక్కెం తీసేవాళ్ళు లేకపోతే ఏ కుక్కయినా అలాగే అరుస్తుంది.

2024లో ఆ పందెం మంచు లేక రద్దయింది. డులూత్‌లో జనవరి నెలలో మంచు లేకపోవడం! ఆ శీతాకాలం మొత్తం కోడాకి బండి లాగే వీలు లేదు. చక్రాల బండి కొని, మట్టి రోడ్డు మీద అదే పని చేయించాం. వాడికి ఏ తేడా తెలియలేదు. కాలి కింద తెల్లగా ఉందా నల్లగా ఉందా అన్నది వాడి లెక్కలో లేనే లేదు, వెనక బరువుందా లేదా అన్నదే లెక్క. మంచు గురించి నాకు మిగిలిన భ్రమ కూడా ఆ ఏడాదితో పోయింది.

"లాబ్రడార్ కూడా పనికుక్కేగా?"

ఇది మా తమ్ముడే అడిగాడు, మంచి ప్రశ్న. ఫ్లాట్లలో లక్షల లాబ్రడార్లు ఉన్నాయి. వాటికెవరూ బాతుల్ని కాల్చి పడేయడం లేదు. జర్మన్ షెపర్డ్‌లకు గొర్రెల మంద ఎవరు చూపిస్తున్నారు? మరి దీనికే ఎందుకింత పట్టుదల?

నేను దీని గురించి చాలా ఆలోచించాను. లాబ్రడార్‌ని తయారుచేసిందే వేటగాడు కొట్టిన పిట్టను నోట కరిచి తెచ్చి ఇవ్వడానికి. మనిషి దగ్గరికి తిరిగి రావడమే దాని ఉద్యోగం. స్లెడ్ కుక్క ఉద్యోగం దానికి పూర్తిగా వ్యతిరేకం. మనిషికి వీపు చూపించి ముందుకు పోవాలి. వెనక నుంచి యజమాని పదమన్నా, ముందు మంచుగడ్డ పలచగా ఉంటే ఆగిపోయే కుక్కకే అక్కడ విలువ. సొంత బుద్ధితో మాట కాదనడం కూడా దాని పనిలో భాగమే. అలాంటి జీవి మన ఇంట్లో "సిట్" అంటే ఒకసారి మన ముఖం చూసి, అవసరమా అన్నట్టు ఆలోచించుకుని అప్పుడు కూర్చుంటుంది. కోడాని తాడు విప్పి ఎప్పుడూ వదలం. పిలిస్తే వెనక్కి వస్తాడని నమ్మకం లేదు. ఒకసారి గేటు సరిగా పడక బయటికి పోయాడు. పక్కింటి పెరట్లో దొరికాడు, నోట్లో కుందేలు. అప్పటికే చచ్చిపోయింది. పక్కింటావిడ పిల్లలు కిటికీలోంచి చూస్తున్నారు. ఇంట్లో పిల్లలతో ఇంత మెత్తగా ఉండే కుక్కే అది. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో పిల్లులూ కోళ్ళూ తిరిగే చోట దీన్ని తాడు లేకుండా వదులుతానంటే నేనొప్పుకోను.

అయితే తమ్ముడి వాదనలో నిజం లేకపోలేదు. పోటీల్లో అందం కోసం తరాలుగా పెంచిన వంశాల్లో కొన్ని కుక్కలు బాగా శాంతంగా ఉంటాయి. కుక్క కుక్కకీ తేడా ఉంటుంది. మణికొండలో నాకు తెలిసిన ఒకాయన హస్కీని ఎంత బాగా పెంచుతున్నాడంటే, ఇక్కడి నా ఇరుగుపొరుగు ఆయన దగ్గర ట్యూషన్ పెట్టించుకోవాలి. ఆయన మారథాన్లు పరిగెత్తే మనిషి. తెల్లవారుజామున నాలుగున్నరకి దాన్ని తీసుకుని సైకిల్ మీద బయల్దేరతాడు. వేసవిలో ఇంట్లో ట్రెడ్‌మిల్, మొత్తం ఇంటిల్లిపాదీ వంతులు. అది హైదరాబాద్ కుక్కే, సంతోషంగానే ఉంది. నా మాటకి ఇది విరుద్ధం అనిపించవచ్చు గానీ నాకు మాత్రం బలమనే అనిపిస్తుంది. ఆయన కొనుక్కున్నది ఏసీ కాదు, నాలుగున్నరకి అలారం.

ఇంకో సందేహం నన్ను ఇప్పటికీ వదల్లేదు. పని, పని అంటున్నాను కదా, పని ఇచ్చే స్లెడ్ కెన్నెళ్ళలో, అంటే ఆ కుక్కల్ని గుంపుగా పెంచే చోట్ల, వాటి బతుకు ఎలా ఉంటుంది? చాలాచోట్ల ఒక్కో కుక్కకి ఒక చెక్కపెట్టె, ఒక గొలుసు. చలికాలం అంతా పరుగే, మిగతా నెలల్లో ఎక్కువ భాగం ఆ గొలుసు చుట్టూ తిరుగుడు. పక్కపక్కనే తమ గుంపుతో ఉంటాయి కాబట్టి బాగానే ఉంటాయని పెంచేవాళ్ళంటారు. నేను చూసినవాటిలో కొన్ని నిజంగానే బాగున్నాయి, కొన్ని చూడబుద్ధి కాలేదు. అంచేత పని ఉంటే చాలు, అంతా స్వర్గమే అని నేను అనలేను. కోడా సోఫా ఎక్కి పడుకునే స్లెడ్ కుక్క. ఆ రెండూ కలిస్తేనే వాడికి బాగుంటుందని నా అనుభవం, అంతకుమించి నాకు ధైర్యం లేదు.

అమ్మా, కోదండం

మా అమ్మ తెనాలి నుంచి వచ్చినప్పుడు కోడా అనే పేరు నోరు తిరగలేదు. రెండో రోజుకే కోదండం చేసేసింది. వాడు దానికే బాగా పలుకుతాడు, మమ్మల్ని పట్టించుకోడు. పొద్దున్నే అమ్మ సుప్రభాతం పెడితే వాడు గుమ్మంలో కూర్చుని మొహం పైకెత్తి ఊళ కలుపుతాడు. మొదటిరోజు అమ్మకి అశుభం అనిపించింది. వారం తిరిగేసరికి "వాడికి కూడా భక్తి ఉందే" అనడం మొదలుపెట్టింది.

కానీ అమ్మ వచ్చింది వసంతంలో, వాడు బొచ్చు రాల్చే నెలలో. ఈ జాతికి పైన ముతక జుట్టు, లోపల ఉన్ని లాంటి మెత్తటి పొర. ఏడాదికి రెండుసార్లు ఆ లోపలి పొర కుచ్చులు కుచ్చులుగా ఊడి వచ్చేస్తుంది. "దీంతో పరుపు కుట్టించొచ్చే" అంది అమ్మ, దువ్వెనకి వచ్చిన కుప్ప చూసి. అప్పటికింకా ఇడ్లీ పిండిలో వెంట్రుక దొరకలేదు. దొరికాక ఆ జోకు మళ్ళీ వెయ్యలేదు. దేవుడి గదికి తలుపు పెట్టించింది ఆవిడే. నల్ల చీరలు పెట్టెలోనే ఉండిపోయాయి. మాకు అలవాటైపోయింది, నా డ్యూటీ బట్టల మీద ఎప్పుడూ నాలుగు వెంట్రుకలుంటాయి, ఎవరూ అడగరు. కానీ మడీ ఆచారం ఉన్న ఇంట్లోకి ఈ కుక్క రావాలంటే ఆచారమో కుక్కో ఒకటి తగ్గాలి.

ఇంకో సంగతి. నిలబడితే వాడి ముందు కాళ్ళు వంటింటి గట్టు మీదికి హాయిగా అందుతాయి. అమ్మ ఒకరోజు సున్నుండలు చుట్టి, పళ్ళెం వెనక్కి జరిపి, స్నానానికి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి పళ్ళెం కడిగినట్టు మెరుస్తోంది. పళ్ళెం జరిగిన చప్పుడు కూడా రాలేదు. డాక్టర్‌కి ఫోన్ చేస్తే అందులో కిస్‌మిస్ ఉందా అని మొదట అడిగింది. కిస్‌మిస్, ద్రాక్ష, ఉల్లి, వెల్లుల్లి కుక్కలకి విషం. అదృష్టం, అమ్మ కిస్‌మిస్ వెయ్యలేదు. నెయ్యీ మినప్పిండీ అరిగించుకోవడానికి వాడికి రెండు రోజులు, ఆ పర్యవసానం శుభ్రం చేయడానికి మాకు రెండు రోజులు పట్టింది. తెలుగు వంటింట్లో ఉల్లి, వెల్లుల్లి లేనిది ఏముంది చెప్పండి? కూర గిన్నె మీద మూత పెట్టడం మా ఇంట్లో శుభ్రత కోసం కాదు.

ఎండ సంగతి కూడా

ఎండ గురించి మాట్లాడేవాళ్ళని కొట్టిపారేస్తున్నానని అనుకోకండి. కుక్క తన ఒంటి వేడిని ప్రధానంగా రొప్పుతూ, నాలుక మీది తడి ఆవిరి చేసుకుంటూ తగ్గించుకుంటుంది. గాల్లో తేమ ఎక్కువైతే ఆ ఆవిరే సరిగా కాదు. అందుకే హైదరాబాద్ పొడి ఎండ కంటే విజయవాడ, వైజాగ్ ఉక్క ఇంకా కష్టం. కోడా ఇక్కడ 24 డిగ్రీలు దాటితేనే మెట్ల కింద గొయ్యి తవ్వుకుని అందులో పడుకుంటాడు. చల్లగా ఉంటుందని గుండు గీయించేవాళ్ళున్నారు, దయచేసి వద్దు. ఆ బొచ్చు వేడిని లోపలికి రాకుండా ఆపేది కూడా. గీసేస్తే చర్మం ఎండకి మాడుతుంది, జుట్టు సరిగా తిరిగి రాకపోవచ్చు కూడా.

ఏసీ ఈ భయాన్ని చాలావరకు తీరుస్తుంది, ఒప్పుకుంటాను. కానీ ఏసీ ఉన్న గదే దాని ప్రపంచం అయిపోతుంది. పగలు బయటికి తీయలేరు, రాత్రి పదకొండుకి మీకు ఓపిక ఉండదు. పైగా ఈ జాతి కుక్క దాని సైజుకి తక్కువే తింటుంది. పని లేకుండా ముద్దుగా పెడుతూ పోతే లావెక్కుతుంది. తుంటి కీళ్ళ జబ్బు ఈ జాతిలో ఎలాగూ ఉంది, దాని మీద ఆ బరువు. చల్లటి గదిలో బోరు కొట్టే పెద్ద కుక్క ఏం చేస్తుందో మా పాత సోఫా ఫొటో తమ్ముడికి పంపాను.

ఇండియా టికెట్లు

ఖర్చుల గురించి అందరూ అడుగుతారు. తిండి, డాక్టర్, దువ్వెనలు, అవేవీ పెద్ద కథ కాదు. మాకు పడిన అసలు ఖర్చు ఏంటంటే, నేనూ మా ఆయనా కలిసి ఇండియా వెళ్ళడం ఆగిపోయింది. నెల్లాళ్ళు వీడిని ఎవరికి అప్పగించాలి? మామూలు బోర్డింగ్ వాళ్ళు వీడి సైజు చూసి, ఇంకో మగకుక్కతో గొడవపడతాడని తెలిసి సారీ అంటారు. స్నేహితుల ఇంట్లో పెడదామంటే వాళ్ళకి పిల్లి. మా ఆడపడుచు కూతురి పెళ్ళికి నేనొక్కదాన్నే వెళ్ళాను. "కుక్క కోసం మేనకోడలి పెళ్ళి మానుకున్నాడా!" అని మా ఆయన గురించి అడగని మనిషి లేరు. ఫొటోల్లో నా పక్కన ఖాళీ అలాగే ఉంది. ఈ జాతి 10 నుంచి 14 ఏళ్ళు బతుకుతుంది. అమెరికాలో ఉండే మనవాళ్ళెవరైనా ఈ కుక్కని కోరుకుంటే నేను ముందు అడిగేది పెరడు ఉందా అని కాదు, వచ్చే పదేళ్ళలో ఇంట్లో ఎన్ని పెళ్ళిళ్ళున్నాయని.

నవంబరులో రండి

ఇప్పుడు మినియాపొలిస్ నుంచి మన తెలుగువాళ్ళు ఫోన్ చేసి, మీ మాలమ్యూట్‌ని చూడాలని ఉంది, మేమూ తీసుకుందామనుకుంటున్నాం అంటే, జనవరిలో రావద్దంటాను. జనవరిలో వాడు మంచులో నిలబడితే క్యాలెండర్ బొమ్మే. నవంబరులో రమ్మంటాను. సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడిపోతుంది, మంచు ఇంకా సరిగా నిలవదు, సన్నటి వాన, కాలిబాట అంతా బురద. ఆఫీసు నుంచి అలిసిపోయి వచ్చే టైముకి రమ్మని, తాడు చేతికిచ్చి, గంట తిప్పుకు రండి అంటాను. తర్వాత పాదాలు కడగడం, తుడవడం కూడా వాళ్ళ పనే.

ఒక కుటుంబం అలాగే వచ్చింది. వాళ్ళాయన బురదలో ఒకసారి పడ్డాడు, వాళ్ళావిడ తిరిగొచ్చి కాఫీ కూడా తాగకుండా కారెక్కింది. ఇంకో జంట కూడా వచ్చింది, ఇద్దరూ రాత్రి డ్యూటీల నర్సులు. గంట అని వెళ్ళినవాళ్ళు గంటన్నరకి తడిసి ముద్దయి వచ్చారు. కోడా కన్నా వాళ్ళే ఎక్కువ హుషారుగా ఉన్నారు. హార్నెస్ ఎక్కడ దొరుకుతుందని అడిగారు. రెస్క్యూ వాళ్ళ నంబరు ఇచ్చాను. మా తమ్ముడు మాత్రం అడ్వాన్స్ సంగతి ఇంకా ఏమీ తేల్చలేదు. డిసెంబరులో వాళ్ళావిడతో కలిసి ఇక్కడికి వస్తామన్నాడు. టికెట్లు ఒక నెల ముందుకి మార్చుకోమని చెప్పాను.